పెద్దది ఏది, చిన్నది ఏది

గెల్లాలా, జెర్బా ద్వీపం
12 అక్టోబరు 1986

అన్నయ్య శాబాన్‌కు,

సలాం. ఇంట్లో అందరం కులాసా, అమ్మ మోకాళ్ళు తప్ప. ఇక్కడ ఇంకా వాన చుక్క పడలేదు. ఆలివ్ కాయలు కొమ్మల మీదే ముడతలు పడుతున్నాయి. ఈసారి గానుగకు పట్టుకెళ్ళేది కాయలు కావు, గింజలేనని అమ్మ గొణుగుతోంది.

నీ కొడుకు లమీన్‌ను నా బడిలో చేర్చుకున్నాను. వాడు ఇంట్లో నాకు మేనల్లుడు, బడిలో మాత్రం అందరిలో ఒకడు అని రబీహా వదినకు ముందే చెప్పాను. సరేనంది. కానీ రోజూ మధ్యాహ్నం వాడు రాగానే, అత్త ఏమంది, ఎక్కడ కూర్చోబెట్టింది అని ఆరా తీస్తూనే ఉంటుంది.

బడి అంటే పెద్దగా ఊహించుకోకు. నేతగాళ్ళ కొట్టం పక్కన సున్నం వేసిన ఒక గది. ఈ వేసవంతా కూర్చుని బొమ్మల అట్టలు గీశాను. ఒకదాని మీద రెండు జాడీలు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఇంకోదాని మీద ఇటు చాలా పడవలు, అటు కొన్నే. నిండు గిన్నె, ఖాళీ గిన్నె. పొడుగు ఖర్జూర చెట్టు, పొట్టిది. మన పిల్లలకు ఇంట్లో మాట్లాడే బెర్బర్ తప్ప రాదు కదా. ఈ లెక్కల మాటలన్నీ అరబ్బీలో నేర్పాలి. నేను చెప్పే మాటను వాళ్ళ దాకా మోసుకుపోవలసింది బొమ్మే.

మిగతా పిల్లలకు పట్టుబడుతోంది. లమీన్ సంగతే అర్థం కావడం లేదు. "పెద్దది ఏది?" అంటే ఏదో ఒకదాని మీద వేలు పెడతాడు. "మరి చిన్నది?" అంటే వేలు అక్కడే ఉంచుతాడు. పిల్లలు నవ్వుతారు. ఇంట్లో చూడబోతే వాడి నోటికి తాళం ఉండదు. మొన్న అమ్మ లేస్తుంటే, "నానమ్మా, నీ మోకాల్లో ఎవరో శెనగలు నములుతున్నారు" అన్నాడు. బడిలో మాత్రం గోడకు బల్లిలా అతుక్కుపోతాడు.

కిందటేడు వేసవి తర్వాత నువ్వు ఇంటి మొహం చూడలేదు. మౌలిద్ పండక్కైనా రా. అమ్మ అసీదా పాయసం వండుతుంది.

నీ చెల్లెలు
సలూహా

*

ట్యూనిస్
3 నవంబరు 1986

సలూహాకు,

నీ ఉత్తరం అందింది. అమ్మను ఆ మెట్ల దగ్గర జాగ్రత్తగా ఉండమను. మౌలిద్‌కు రావడం కుదరదు. పండగ రోజుల్లో కిరాణా దుకాణం మూస్తే వాడుకదార్లు పక్క వీధికి అలవాటు పడతారు.

లమీన్ విషయం శ్రద్ధగా విను. ఆ అట్టలన్నీ వేసవిలోపు అయిపోవాలి. వచ్చే ఏడు చూద్దాంలే అనుకోవద్దు. ఇంకా గీయి. రంగులు అన్నీ నేర్పు. ఎరుపూ నీలం నేర్పి ఊరుకోకు. ముదురు ఏది, లేత ఏది, ఆకుపచ్చలో ఆలివ్ పచ్చ ఏది, సముద్రం పచ్చ ఏది, అన్నీ. అట్టలు చాలకపోతే బయటికి తీసుకెళ్ళు. అజీమ్ రేవులో పడవలు చూపించు. ఈ నెలల్లో ఉప్పు మడుగుల్లో గులాబీ కొంగలు దిగుతాయి, అవి చూపించు. మిట్ట మధ్యాహ్నం తీసుకెళ్ళు, పొద్దువాలాక వద్దు.

కథలూ పాటలూ ఇప్పుడేం తొందర లేదు. చెవులెక్కడికీ పోవు.

వాణ్ణి కొట్టకు. ఇంకెవర్నీ కొట్టనివ్వకు.

శాబాన్

*

గెల్లాలా
14 డిసెంబరు 1986

అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివి కోపమొచ్చి ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. గల్లాపెట్టె వెనక నిలబడి సరుకుకు ఆర్డరు పెట్టినట్టు పెట్టావు. ఫలానా రంగులు, ఫలానా కొంగలు, వేసవిలోపు పంపాలి. నీకు కొడుకు మీద అంత తొందర ఉంటే వచ్చి నువ్వే నేర్పు. అయిదేళ్ళ పిల్లవాడు అన్నయ్యా వాడు, ఏ కాలేజీ పరీక్షకూ కూర్చోబోవడం లేదు.

అయినా తీసుకెళ్ళాను. అజీమ్‌లో పడవలు చూసి వాడి సంతోషం చెప్పలేను. ఒక్కో పడవ దగ్గరా నిలబడి ముక్కు నుంచి తోక దాకా తల తిప్పుకుంటూ చూశాడు. కొంగలు మాత్రం కనబడలేదన్నాడు. ఎదురుగా మడుగంతా గులాబీగా ఉంటే, "ఏవత్తా? ఎక్కడత్తా?" అంటాడు. నన్ను ఆటపట్టిస్తున్నాడనుకుని విసుక్కున్నాను.

ఇంకోటి జరిగింది. పోయిన వారం చీకటి పడే వేళ కుమ్మరి ఫ్రెజ్ బాబాయి ఆక్టోపస్‌లు పట్టే మట్టి జాడీలు ఆరబెట్టుకుంటే, లమీన్ నేరుగా వాటి మధ్యలోంచి నడిచి వెళ్ళాడు. పరుగెత్తలేదు, మామూలుగా నడిచాడు. సగం జాడీలు పగిలాయి. "కళ్ళు నెత్తి మీద పెట్టుకున్నావురా?" అని బాబాయి అరిచాడు. వాడు ఆ పెంకుల మధ్యన నిలబడి, "ఇక్కడేం లేవు కదా" అన్నాడు. అమ్మ రేచీకటి అంటోంది. గొర్రె కాలేయం కాల్చి ఆ ఆవిరి కళ్ళకు పట్టిస్తోంది. వదిన మాత్రం దిష్టి అంటోంది. ఎవరి దిష్టో చెప్పదు గానీ, పెళ్ళి కాని ఆడబిడ్డ ఇంట్లో ఉంటే దిష్టికి వీధిలోకి వెళ్ళాలా అన్నట్టు నన్ను చూస్తుంది.

నేనైతే వాణ్ణి కళ్ళ డాక్టరుకు చూపిద్దామనుకుంటున్నాను. నువ్వేమంటావు?

నీ ఉత్తరంలో వరసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. గాడిద మీద కూర్చుని రాశావా ఏమిటి?

సలూహా

*

ట్యూనిస్
9 జనవరి 1987

సలూహాకు,

అమ్మను కాలేయం ఆవిరి ఆపమను. పిల్లవాడి కళ్ళు మండుతాయి, అంతకుమించి ఏం కాదు. తాయెత్తులు కూడా వద్దు.

డాక్టరు అక్కర్లేదు. ఈ మాట గట్టిగా చెబుతున్నాను. వాడికేం లేదు. అట్టలు దగ్గర పెట్టుకుని చూపించు. ఒక బొమ్మ తర్వాత ఒకటి చూపించు, రెండూ కలిపి వేలాడదీయకు. కొంగలు కనబడకపోతే ఇంకా దగ్గరికి తీసుకెళ్ళు.

చేతికి పని ఎక్కువై ఈ ఉత్తరం వేరొకరితో రాయించాను. అందుకు ఏమీ అనుకోవద్దు.

శాబాన్

*

గెల్లాలా
22 ఫిబ్రవరి 1987

అన్నయ్యకు,

కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నీ ఉత్తరం వచ్చిన రోజు ఎప్పటిలాగే అమ్మకూ వదినకూ పైకి చదివి వినిపించాను. చదవడం అయ్యాక వదిన కాగితం చేతికి అడిగింది. ఆమెకు చదువు రాదని నీకు తెలుసు. కాగితాన్ని అలాగే చూసి, "ఇది మీ అన్న చేతిరాత కాదు. ఈ చేతికి గాజులున్నాయి" అంది. నేను మళ్ళీ చూశాను. ఒక్కో అక్షరం కుట్టుపనిలా ఉంది. ఆడరాతే.

నువ్వు వద్దన్నా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ముందు హూమ్త్ సూక్, అక్కణ్ణుంచి స్ఫాక్స్. వదిన దారి పొడుగునా వాణ్ణి ఒళ్ళోంచి దింపలేదు. అక్కడి డాక్టరు వాణ్ణి చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూశాడు. బయటికొచ్చి ముందు ఒక్క మాటే అడిగాడు. "మీ కుటుంబంలో చూపు పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" లేరన్నాను.

కంటి వెనక పొర అంచుల నుంచి చచ్చిపోతోందట. చూపు చుట్టూ మూసుకుంటూ లోపలికి వస్తోంది. ఇప్పుడు వాడికి కనబడేది చేతి పిడికిలి సందులోంచి చూస్తే కనబడేంత. అదీ ఎన్నాళ్ళో నిలవదు. మందు లేదు, ఆపరేషన్ లేదు. "వేరే దేశంలో?" అన్నాను. "ఎక్కడా లేదమ్మా" అన్నాడు. మంచివాడే. మాకు టీ తెప్పించాడు. ఆ టీ ఎవరమూ తాగలేదు.

అప్పుడు అర్థమైంది అన్నయ్యా. గోడ మీద నేను రెండు జాడీలు వేలాడదీసి పెద్దది ఏది, చిన్నది ఏది అంటుంటే, వాడికి కనబడింది ఎప్పుడూ ఒక్కటే. పక్కన ఇంకోటి ఉందని తెలియనివాడు దేన్ని పెద్దదనాలి? నెలల తరబడి వాడు తెలివితక్కువ వాడని మనసులో అనుకున్నాను. ఆ గది మొత్తంలో జవాబు లేని ప్రశ్న ఎదురైంది వాడొక్కడికే.

ఇప్పుడు అట్టలు పక్కన పెట్టేశాను. ఫ్రెజ్ బాబాయి ఇచ్చిన చిట్టి కుండలు వాడి చేతుల్లో పెడుతున్నాను, ఈ చేతిలో ఒకటి, ఆ చేతిలో ఒకటి. ఒక్క పొద్దున్నే పెద్దది, చిన్నది, బరువు, తేలిక అన్నీ చెప్పేశాడు. "ఇంతేనా? ముందే చేతికి ఇవ్వొచ్చుగా" అన్నాడు.

ఇక నిన్ను అడుగుతున్నాను. డాక్టరు వద్దని ఎందుకన్నావు? అక్కడ నీకు ఇంకో ఇల్లు ఉంటే ఉందని చెప్పు. నిన్ను తిట్టను. కానీ కొడుకుకు చూపు ఉండగా ఒకసారి నీ ముఖం చూపించిపో.

సలూహా

*

ట్యూనిస్
15 మార్చి 1987

సలూహా, చెల్లీ,

ఈ ఉత్తరం కూడా రాస్తున్నది జలీలా గారు. మా దుకాణం పైమేడలో ఉంటారు. రిటైరైన టీచరు, అమ్మ వయసు ఆమెది. నేను చెబుతుంటే రాస్తున్నారు, నీ ఉత్తరాలు చదివి వినిపిస్తున్నదీ ఆమే.

నా చూపు పోయింది. దాదాపు పోయింది. పట్టపగలు ఎదుటివాడి ముక్కు కనబడితే నోరు కనబడదు. సరుకు చేత్తో తడిమి ఇస్తున్నాను. శెనగలూ అలసందలూ వేళ్ళకు తెలుస్తాయి. ఉప్పూ పంచదారా నాలుకకు తెలుస్తాయి. నేను చివరిసారి సొంతంగా రాసింది నువ్వు గాడిద మీద రాశావా అన్న ఉత్తరం.

డాక్టరుకు లేరన్నావు. ఉన్నారు. అమ్మవాళ్ళ నాన్నకు కుండల బట్టీ పొగకు కళ్ళు పోయాయని చెబుతారు. ఆయన బట్టీ దగ్గరికి పోనేలేదు. నేలమాళిగ గానుగలో ఒంటెను తిప్పే పని ఆయనది. ఒంటెతో పాటు తిరగడానికి చూపు అక్కర్లేదు కాబట్టి ఆ పని ఇచ్చారు. ఆయన మన మామయ్యకు తండ్రి, అంటే రబీహాకు కూడా తాతే. నా పెళ్ళినాటికే నాకు రాత్రిళ్ళు సరిగా కనబడేది కాదు. అందరికీ అంతేననుకున్నాను. అనుకోవడం సుఖంగా ఉండింది.

కిందటేడు కాక ముందటేడు వేసవిలో, ఇంటికొచ్చినప్పుడు, సాయంత్రం లమీనూ నేనూ ఒకే పళ్ళెంలో తింటున్నాం. నీళ్ళ గిన్నె కోసం నేను చెయ్యి చాపాను, అందలేదు. పక్కన చూస్తే వాడి చెయ్యి కూడా చాప మీద తడుముకుంటోంది. వాడికి అప్పుడు నాలుగేళ్ళు. ఆ తెల్లవారే బస్సెక్కాను.

అందుకే రంగులన్నాను, కొంగలన్నాను. వాడికి చీకటి రాకముందే లోపల కొంత నింపి పెట్టుకోనీ అనుకున్నాను. డాక్టరు చెప్పేదేమిటో నేను ఇక్కడ ముగ్గురి నోట విన్నాను. నాలుగోసారి మీకు వినిపించడం దేనికి? ఇంటికి రానిది కూడా అందుకే. వస్తే ఇంకో బిడ్డ పుట్టవచ్చు.

రబీహాకు ఈ సంగతి చెప్పకు. ఇక్కడ ఎవరో ఉందనుకుంటోంది కదా, అలాగే అనుకోనీ. కోపం మీద మనిషి బతకగలదు.

శాబాన్

*

గెల్లాలా
19 ఏప్రిల్ 1987

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆలస్యంగా వచ్చింది. అప్పటికే వదిన లమీన్‌ను తీసుకుని సెద్వికెష్‌లో వాళ్ళ నాన్న ఇంటికి వెళ్ళిపోయింది. అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడితే, "అత్తా, పక్కకు జరుగు. నీ కొడుకు వస్తే ఆయనకు అడ్డం నిలబడు" అందట. నేను బడిలో ఉన్నాను.

నువ్వు చెప్పొద్దన్నది చెప్పేశాను. నువ్వు అక్కడ ఇంకో ఇల్లు పెట్టావని ఊరంతా అనుకుంటుంటే నోరు మూసుకోవడం నా వల్ల కాలేదు. సెద్వికెష్ వెళ్ళి, వదిన మగ్గం ముందు కూర్చుని ఉంటే పక్కన కూర్చుని, నీ ఉత్తరం మొత్తం చదివాను. ఆమె శాంతపడుతుందనీ, నాతో వచ్చేస్తుందనీ అనుకున్నాను.

చాలాసేపు దారాలు సర్దింది. తర్వాత అడిగింది. "పెళ్ళినాటికే తెలుసా?"

"సరిగా తెలియదు వదినా. అనుమానం."

"మీ అమ్మకు?"

నేను కాగితం మడత పెట్టాను.

"మా నాన్నకు కూడా తెలుసన్నమాట. ఆ తాత ఆయనకు తండ్రే కదా." మగ్గం మీది దారం బిగించి అంది, "అక్కడ వేరే ఆడదే ఉండి ఉంటే బాగుండేది, సలూహా. ఏడ్చి, తిట్టి, ఒకరోజు ఊరుకునేదాన్ని."

వాళ్ళ నాన్న అవతలి గదిలోనే ఉన్నాడు. బయటికి రాలేదు.

లమీన్ నా కొంగు పట్టుకుని గడప దాకా వచ్చాడు. "అత్తా, కుండలు తెచ్చావా?" అన్నాడు. తేలేదు. తేవాలని తోచలేదు. వదిన వాణ్ణి లోపలికి పిలిచింది. ఇక బడికి పంపనంది.

బడుల ఇన్స్పెక్టరు వచ్చినప్పుడు అడిగాను. ఇలాంటి పిల్లవాణ్ణి మామూలు బడి చేర్చుకోదట. అంధుల బడి ఉంది, ద్వీపం అవతల, స్ఫాక్స్ కూడా దాటి పోవాలి. ఆరేళ్ళు నిండితే అక్కడే ఉంచుకుని చదివిస్తారట. సెలవులకే ఇంటికి.

నేను చెప్పకపోయి ఉంటే వదిన కోపంలో ఉండేది. కోపం తగ్గేది. ఇప్పుడు ఆమెలో కోపం కూడా లేదు.

సలూహా

*

ట్యూనిస్
20 మే 1987

సలూహాకు,

చెప్పినందుకు నిన్నేమీ అనను. నేను ఉత్తరం రాయించకపోతే నువ్వు చదివేదానివి కాదు.

పండగ వెళ్ళాక వస్తున్నాను. జలీలా గారి అన్న కొడుకు నన్ను బస్సులో కూర్చోబెడతాడు. నువ్వు రేవు దగ్గర ఉండు. పడవ దిగేటప్పుడు చెయ్యి పట్టుకోవాలి, అంతే. ఊళ్ళో నేను నడవగలను, ఆ సందులు కాళ్ళకు తెలుసు.

రబీహాను బలవంతం చెయ్యకు. లమీన్‌ను మాత్రం ఒక్క పూట పంపమను. పగటి పూట.

వాడికి పళ్ళు ఊడాయా? పై పళ్ళా, కింది పళ్ళా? వాడి ముఖం ఎలా ఉందో తలుచుకుంటే నాకు నాలుగేళ్ళప్పటిదే వస్తోంది.

శాబాన్

*

గెల్లాలా
11 అక్టోబరు 1987

అన్నయ్యకు, ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న జలీలా గారికి,

సలాం. నీ దుకాణం ఇప్పుడు నీ భాగస్వామే చూసుకుంటున్నాడని విన్నాం. నువ్వుంటున్న వెనక గదిలో చలి కొడుతుందేమో, నీ ఉన్ని బుర్నూస్ అంగీ పంపుతున్నాను. ఈసారి ఆలివ్‌లు బాగా కాశాయి. అమ్మ సంతోషపడడం లేదు.

నువ్వు జూన్‌లో వచ్చి వెళ్ళినప్పటి సంగతి ఒకటి నీకు చెప్పలేదు. చెప్పాలా వద్దా అని ఇన్నాళ్ళూ నాలో నేనే కొట్టుకున్నాను. లమీన్‌ను మామయ్య తీసుకొచ్చి వదిలాడని నీకు చెప్పాం. మామయ్య కాదు. రబీహానే తెచ్చింది.

మీరిద్దరూ ముంగిట్లో వెలుగులో కూర్చున్నారు గుర్తుందా? నీకున్న ఆ కాస్త చూపులోకి వాడి ముఖం తెచ్చుకోవాలని నువ్వు తల ఇటు తిప్పేవాడివి. వాడికున్న కాస్తలోకి నిన్ను తెచ్చుకోవాలని వాడు అటు తిప్పేవాడు. ఒకరు కుదురుగా ఉంటే ఇంకొకరు కదిలేవారు. అమ్మ మొదట నవ్వింది, తర్వాత వంటింట్లోకి వెళ్ళిపోయింది. చివరికి నువ్వే వాడి గడ్డం పట్టుకుని, "కదలకురా, దొరికావు" అన్నావు. వాడు, "నాన్నా, నీ మీసంలో తెల్ల వెంట్రుకలున్నాయి" అన్నాడు.

అప్పుడంతా వదిన గుమ్మం పక్కన నిలబడే ఉంది. నీకు అడుగుల చప్పుడు వినబడినట్టుంది. అటు తిరిగి, "ఎవరది?" అన్నావు. ఆమె నా వైపు చూసి పెదవి మీద వేలు పెట్టుకుంది. "ఎవరూ లేరన్నయ్యా, గాలి" అన్నాను. నువ్వు మళ్ళీ కొడుకు వైపు తిరిగావు. నువ్వు వాడి ముఖం తడిమినంతసేపూ ఆమె నిన్నే చూస్తూ నిలబడింది. తర్వాత వాడి చెప్పులు గుమ్మం దగ్గర సరిగ్గా పెట్టి వెళ్ళిపోయింది. మాట్లాడి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. నేను పిలిచి ఉండాల్సింది.

ఇక లమీన్ విషయం. పోయిన నెల వాణ్ణి ఆ బడిలో చేర్చాం. వదినా నేనూ వెళ్ళాం. వేసవిలో వాడికి ఇంకా తగ్గింది. పగలు కూడా గోడ పట్టుకునే నడుస్తున్నాడు. పడవలో వాడు మా ఇద్దరి మధ్యా కూర్చుని ఇంజను చప్పుడు అనుకరిస్తూనే ఉన్నాడు. బస్సులో నిద్రపోయాడు. వదిన వాడి జుట్టులో చెయ్యి పెట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. దారంతా మేం మాట్లాడుకున్నది, రొట్టె తింటావా, వద్దు, అంతే.

ఆ బడి పెద్దావిడ మంచిదే. లమీన్ చేతికి రెండు గొలుసులిచ్చి, "పొడుగుది ఏది బాబూ?" అంది. వాడు తడిమి, అరబ్బీలో, తడబడకుండా చెప్పాడు. పొడుగుది, పొట్టిది, బరువుది, తేలికది. "ఎవరు నేర్పారు?" అంది. "మా అత్త" అన్నాడు. నాకు గర్వం అనిపించలేదు అన్నయ్యా. పక్కన వదిన ఉంది.

బయల్దేరే వేళ గేటు దగ్గర వాడు నా చెయ్యి వదలలేదు. వదిన అప్పటికే రోడ్డు మీదికి వెళ్ళి మా వైపు వీపు పెట్టి నిలబడింది. వాడు అరబ్బీలో అడిగాడు.

"అత్తా, ఇక్కణ్ణుంచి మన ఇల్లు దగ్గరా, దూరమా?"

ఆ రెండు మాటలు నేను వాడికి ఇంకా నేర్పనే లేదు. అవి చేతికి ఇచ్చే వస్తువులు కావు. పిల్లలెవరో మాట్లాడుకుంటుంటే విని ఉంటాడు.

"దగ్గరే నాన్నా" అన్నాను.

"అయితే రోజూ వస్తావుగా" అన్నాడు, చెయ్యి వదిలేసి.

సలూహా